తక్కువ బడ్జెట్‌లో గేమింగ్ పీసీ – మూడో పాఠం: గ్రాఫిక్ కార్డు, దానికి తగ్గ ఎస్ఎంపీఎస్

పోయిన పాఠం చివర ఒక ప్రశ్న ఇచ్చాను. రైజెన్ 5 5600, రైజెన్ 5 5600జీ, ఇంటెల్ ఐ3 12100ఎఫ్ – ఈ మూడింటిలో గ్రాఫిక్ కార్డు లేకపోయినా మానిటర్ మీద బొమ్మ వచ్చేది దేనితో? 5600జీతో మాత్రమే. ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ ఉంటే లోపల గ్రాఫిక్స్ లేవని అర్థం. 5600కు ఏ అక్షరమూ లేదు కదా, గ్రాఫిక్స్ ఉంటాయేమో అనుకుంటే పొరపాటే. ఏఎండీ 5000 వరసలో జీ ఉంటేనే ఉన్నట్టు.

మన ఉదాహరణ గుర్తుంది కదా. కరీంనగర్‌లో ఉంటున్న మా పిన్ని కొడుకుకి ఇంటర్ అయిపోయింది. మానిటర్ కాకుండా చేతిలో 60 వేలున్నాయి. ఆడేది 1080పీ తెర మీద. ఎక్కువగా వాలరెంట్, జీటీఏ 5, అప్పుడప్పుడూ కొత్తగా వచ్చే పెద్ద గేములు. వాడికి 5600 ప్రాసెసర్, బీ550 మదర్‌బోర్డు, 8 జీబీ ర్యామ్ స్టిక్కులు రెండు అనుకున్నాం. 2025 చివర్లో ర్యామ్ ధరలు ఎగబాకాక ఆ లెక్క కాస్త బిగుసుకుంది. అయినా ఒక్క స్టిక్కుతో సరిపెట్టుకోమని నేను చెప్పను. డీడీఆర్4 ర్యామ్ సెకండ్ హ్యాండ్‌లో తీసుకోవచ్చు. కొనగానే మెమ్‌టెస్ట్86 అనే ర్యామ్ పరీక్ష సాఫ్ట్‌వేర్‌తో ఒక రాత్రంతా పరీక్ష పెట్టండి. ఒక్క తప్పు చూపించినా తిరిగి ఇచ్చేయండి.

ఇక ఈ రోజు పాఠం. 60 వేలలో 22 వేల దాకా గ్రాఫిక్ కార్డుకు, కనీసం 4 వేలు ఎస్ఎంపీఎస్‌కు, అంటే గోడ కరెంటును పీసీకి తగ్గ వోల్టులకు మార్చే పవర్ సప్లై డబ్బాకు, పక్కన పెట్టుకోండి. రెండోదానికి అంత ఎందుకని మా వాడూ అడిగాడు. చెబుతాను, ముందు కార్డు సంగతి చూద్దాం.

ఒకే పేరు, రెండు కార్డులు

పెట్టె మీద పేరు చూసి కార్డు కొనడం ఎంత ప్రమాదమో తెలియాలంటే జీటీ 1030 కథ వినాలి. ఇది 2017లో జీడీడీఆర్5 మెమరీతో వచ్చింది. మరుసటి ఏడాది అదే పేరుతో మామూలు డీడీఆర్4 మెమరీ పెట్టి ఇంకొకటి వదిలారు. మొదటిది సెకనుకు 48 జీబీ డేటా అందిస్తుంది. రెండోది అందించేది 16.8 జీబీ. మూడో వంతు కన్నా కొంచెం ఎక్కువ, అంతే.

ఆ అంకెలు ఎలా వస్తాయో మీరే లెక్క కట్టగలగాలి, ఎందుకంటే ఈ పాఠంలో సగం ఇదే. కార్డు వివరాల్లో బస్ వెడల్పు అని ఒక అంకె ఉంటుంది, బిట్లలో. మెమరీ వేగం అని ఇంకొకటి ఉంటుంది, జీబీపీఎస్‌లో, అంటే సెకనుకు గిగాబిట్లలో. ఆ రెండూ గుణించి 8తో భాగించండి, 8 బిట్లు కలిస్తే ఒక బైటు కాబట్టి. జీటీ 1030 బస్ 64 బిట్లు. జీడీడీఆర్5 వేగం 6. 64 ఇంటూ 6 అంటే 384, బై 8 అంటే 48. వచ్చింది కదా. బోరులో నీళ్ళెన్ని ఉన్నా పైపు సన్నదైతే పొలానికి చేరేది అంతే. గ్రాఫిక్ చిప్ పొలం, మెమరీ బోరు, ఈ బస్ పైపు.

ఇప్పుడు మనలాంటి బడ్జెట్ వాళ్ళకు నిజంగా ఎదురయ్యే కార్డు చూద్దాం. ఆర్‌టీఎక్స్ 3050. 2022 జనవరిలో 8 జీబీతో వచ్చింది. బస్ 128 బిట్లు, వేగం 14, అంటే 224 జీబీ. 2024లో 6 జీబీతో ఇంకో 3050 వచ్చింది. బస్ 96 బిట్లు, వేగం అదే 14, అంటే 168. తగ్గింది మెమరీ ఒక్కటే కాదు, లోపలి కోర్లు కూడా 2560 నుంచి 2304కు తగ్గాయి. షాపులో 'త్రీ జీరో ఫైవ్ జీరో ఉందా అన్నా' అని అడిగితే ఏది చేతిలో పెడతారో చెప్పలేం. 6 జీబీదానికి మెచ్చుకోదగ్గ గుణం ఒకటి ఉంది. 70 వాట్లే తింటుంది కాబట్టి విడిగా పవర్ వైరు అక్కర్లేదు. ఆఫీసుల్లో వాడి తీసేసిన పాత కంపెనీ డెస్క్‌టాప్ కొని, అందులో కార్డు పెట్టుకునేవాళ్ళకు అది మంచిదే. మన వాడు కొత్తగా కట్టుకుంటున్నాడు కాబట్టి మనకు వద్దు.

ఈ లెక్కకు ఒక హద్దు ఉంది. ఒకే కుటుంబం కార్డులను పోల్చడానికే వాడండి. ఆర్‌ఎక్స్ 6600కీ లెక్క ప్రకారం 224 జీబీయే వస్తుంది. కానీ దాని చిప్ లోపలే 32 ఎంబీ క్యాష్, అంటే చిన్నదైనా చాలా వేగమైన మెమరీ, ఉంది. చాలాసార్లు మెమరీ దాకా వెళ్ళే పని పడదు. గేముల్లో అది 3050ని సులభంగా దాటేస్తుంది. కాబట్టి వేర్వేరు కుటుంబాల కార్డులైతే మీరు ఆడే గేములోనే, 1080పీలోనే కొలిచిన ఫ్రేములు, అంటే సెకనుకు ఎన్ని బొమ్మలు వస్తున్నాయో, చూడాలి.

చూడాల్సిన ఇంకో పైపు ఉంది, కార్డుకీ మదర్‌బోర్డుకీ మధ్య. ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ ధర చూసి చాలామందికి మనసవుతుంది. దానికి 4 జీబీ మెమరీ, పీసీఐఈ లేన్లు, అంటే ఆ పైపులోని దారులు, నాలుగే. పీసీఐఈ 4.0 తరం బోర్డులో అవి సెకనుకు దాదాపు 8 జీబీ మోస్తాయి. 3.0 బోర్డులో దాదాపు 4 జీబీయే. గేము 4 జీబీ దాటి అడిగిన క్షణం నుంచి మిగతాదంతా ర్యామ్‌లోంచి ఆ సన్నదారిలోనే రావాలి. అప్పుడే ఆట ఆగి ఆగి కదులుతుంది. బీ450, ఏ520 బోర్డులు 3.0వే. బీ550 తీసుకున్నాం కదా అని ధీమాగా ఉండడానికీ లేదు. అందులో 5600జీ పెడితే ప్రాసెసర్ వైపు నుంచి మళ్ళీ 3.0కే పడిపోతుంది. 'ఇప్పుడు జీ తీసుకుని, డబ్బులున్నప్పుడు కార్డు వేసుకుంటా' అనుకునేవాళ్ళు ఈ మాట గట్టిగా గుర్తు పెట్టుకోండి.

అందుకే మా వాడికి ఆర్‌ఎక్స్ 6600 అనుకున్నాను. 8 జీబీ మెమరీ, ఎనిమిది లేన్లు, 132 వాట్లు, ఒక 8 పిన్ పవర్ వైరు. బడ్జెట్ ఇంకొంచెం సాగితే ఆర్‌టీఎక్స్ 4060. అది 8 జీబీతో, 115 వాట్లతో నడుస్తుంది. కొత్త గేములకు 8 జీబీ ఇరుకవుతోందన్న మాట నిజమే. 1080పీలో టెక్స్చర్లు (గేములో గోడలు, నేల లాంటి వాటి మీద కనిపించే బొమ్మలు) ఒక మెట్టు తగ్గించుకుని ఆడగలిగితే ఇంకా నడిచిపోతుంది.

సెకండ్ హ్యాండ్ కార్డు తప్పు కాదు. 2022 సెప్టెంబరులో ఇథీరియమ్ మైనింగ్, అంటే గ్రాఫిక్ కార్డులతో ఆ క్రిప్టో నాణేలు సంపాదించడం, ఆగిపోయాక రాత్రీపగలూ నడిచిన కార్డులు బజారు నిండా వచ్చాయి. వాటిలో కొన్ని ఇంకా చేతులు మారుతున్నాయి. లోపల పాత చిప్ ఉండి, పేరు మాత్రం 1050 టీఐ అని చూపించేలా మార్చిన కార్డులూ ఉన్నాయి. జీపీయూ-జెడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇలాంటి నకిలీలను చాలావరకు పట్టేస్తుంది. డబ్బులిచ్చే ముందు అది తెరిచి చూడండి. తర్వాత 20 నిమిషాలు గేము నడిపించి, ఫ్యాన్ చప్పుడు వినండి. అమ్మేవాళ్ళు ఇందుకు ఒప్పుకోకపోతే వచ్చేయండి.

ఎస్ఎంపీఎస్

ఈ భాగం నేను చేతులు కాల్చుకుని నేర్చుకున్నది. డిగ్రీ రెండో ఏడు నా మొదటి పీసీ కట్టించుకున్నాను. క్యాబినెట్‌తో పాటు ఎస్ఎంపీఎస్ ఉచితమన్నారు. దాని మీద పెద్ద అక్షరాలతో 500 వాట్లు అని ఉంది. కొన్ని నెలలకు కార్డు వేశాను. మే నెల మధ్యాహ్నం, ఆట మధ్యలో టప్పుమని ఆగిపోయి కాలిన వాసన వచ్చింది. మదర్‌బోర్డు పోయింది, హార్డ్ డిస్క్ పోయింది. అక్క పెళ్ళి ఫొటోలు ఆ డిస్క్‌లోనే ఉండేవి, ఇంకెక్కడా లేవు. షాపతను ఉచితంగా ఇచ్చినదానికి వారంటీ ఉండదన్నాడు. ఇంటికొచ్చాక మొదటిసారి ఆ లేబుల్ పూర్తిగా చదివాను. 12 వోల్టుల గడిలో 16 ఆంపియర్లు అని ఉంది. 12 ఇంటూ 16 అంటే 192 వాట్లు. పేరు గొప్ప, ఊరు దిబ్బ.

లేబుల్ ఎలా చదవాలో చూడండి. దాని మీద 3.3, 5, 12 వోల్టులకు వేర్వేరు గడులుంటాయి. ఇప్పటి పీసీలో ప్రాసెసర్, గ్రాఫిక్ కార్డు తమ కరెంటు దాదాపు అంతా 12 వోల్టుల నుంచే తీసుకుంటాయి. నాసిరకం వాటిలో మిగతా గడులన్నీ కలిపి ఒక పెద్ద అంకె రాస్తారు. మీరు చూడాల్సింది 12 వోల్టుల ఆంపియర్లు. దాన్ని 12తో గుణిస్తే వచ్చేదే మీకు పనికొచ్చే వాట్లు. మంచి 550 వాట్ల ఎస్ఎంపీఎస్ మీద 45 ఆంపియర్ల వరకు ఉంటుంది, అంటే 540 వాట్లు. రాసిన అంకెకూ లెక్క కట్టిన అంకెకూ తేడా ఎంత తక్కువైతే అంత మంచిది.

మనకెన్ని కావాలి? కార్డు 132, ప్రాసెసర్‌కు గట్టిగా వేసుకుంటే 90, బోర్డు, ర్యామ్, ఎస్ఎస్‌డీ, ఫ్యాన్లు కలిపి 60. మొత్తం దాదాపు 280. గ్రాఫిక్ కార్డు కొన్ని మిల్లీసెకన్ల పాటు తన లెక్క దాటి లాగుతుంది, అందుకు చోటుండాలి. ఒకటిన్నర రెట్లు వేసుకుంటే 420. కంపెనీ కూడా 6600కు 450 వాట్లు సిఫారసు చేస్తుంది. నేనైతే 550 తీసుకోమంటాను. ఎస్ఎంపీఎస్ 5 ఏళ్ళ వారంటీతో వస్తే రెండేళ్ళకు కార్డు మార్చినా అదే నడుస్తుంది.

80 ప్లస్ బ్రాంజ్ అన్న గుర్తు గురించి కూడా చెప్పాలి. సగం లోడు మీద గోడలోంచి తీసుకున్న కరెంటులో 85 శాతం పీసీకి చేరుతుందని దాని అర్థం. అది పొదుపు గురించి చెబుతుంది, భద్రత గురించి ఏమీ చెప్పదు. పైగా ఆ పరీక్ష 23 డిగ్రీలకు అటూఇటూ చల్లని గదిలో చేస్తారు. మే నెలలో మన గదుల్లో అంత చల్లదనం ఎక్కడుంటుంది? కంపెనీ వివరాల్లో 40 లేదా 50 డిగ్రీల దగ్గర కూడా పూర్తి వాట్లు ఇస్తుందని రాశారేమో చూడండి. ఓవర్ కరెంట్, ఓవర్ వోల్టేజ్, షార్ట్ సర్క్యూట్ రక్షణలు పేరుపేరునా ఉన్నాయో లేదో చూడండి. ఆ వరుస లేకపోతే పక్కన పెట్టేయండి.

వైర్ల విషయంలో రెండు జాగ్రత్తలు. కార్డుకు 8 పిన్ వైరు ఎస్ఎంపీఎస్ నుంచే రావాలి, మోలెక్స్ (పాత డిస్కులకు వాడే 4 పిన్ వైరు) నుంచి మార్చే అడాప్టర్లు వాడొద్దు. ఊడదీసే వైర్లున్న మోడల్ అయితే దాని వైర్లు దానికే వాడాలి. వేరే ఎస్ఎంపీఎస్ వైరు సరిగ్గా పట్టినా లోపల పిన్నుల వరస వేరుగా ఉండొచ్చు. తప్పు పిన్నుకు 12 వోల్టులు వెళ్తే డిస్క్ అక్కడికక్కడే పోతుంది.

చివరగా ఎర్తింగ్. క్యాబినెట్‌కు చెయ్యి తగిలితే జివ్వుమంటే చాలామంది పీసీ పాడైందనుకుంటారు. ఎస్ఎంపీఎస్ ఫిల్టర్‌లోని కెపాసిటర్లు ఆ చిన్న లీకేజీని బాడీకి పంపి, అక్కడి నుంచి భూమిలోకి పోయేలా చేస్తాయి. ఇంట్లో ఎర్త్ లేకపోయినా, రెండు పిన్నుల ఎక్స్‌టెన్షన్ బాక్స్ పెట్టినా అది పోయే దారి ఉండదు. పీసీ మార్చేముందు ఎలక్ట్రీషియన్‌ని పిలిపించండి. మా పిన్ని వాళ్ళింట్లో సరిగ్గా ఇదే జరిగింది. పాత ఎర్త్ వైరు గుంట దగ్గర తెగిపోయి ఉంది.

కొనడానికి వెళ్ళినప్పుడు, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ అయినా మీ ఊరి షాపయినా, బిల్లు మీద కార్డు పూర్తి మోడల్, మెమరీ ఎంతో, సీరియల్ నంబరు రాయించుకోండి. ఎస్ఎంపీఎస్ పెట్టె అక్కడే తెరిపించి లేబుల్ చూడండి. క్యాబినెట్‌తో ఉచితంగా ఇస్తామంటే, అది వద్దని ధర తగ్గించమనండి.

ఈ వారం అభ్యాసం: ఇంట్లోనో స్నేహితుల దగ్గరో ఉన్న ఏ పీసీ అయినా సరే, ప్లగ్ తీసేసి పక్క మూత విప్పి, ఎస్ఎంపీఎస్ లేబుల్ ఫొటో తీయండి. 12 వోల్టుల ఆంపియర్లు 12తో గుణించి, పైన రాసిన వాట్ల పక్కన వేసుకోండి. ఎస్ఎంపీఎస్‌ను మాత్రం విప్పకండి, ప్లగ్ తీశాక కూడా దాని లోపల కరెంటు నిలిచి ఉంటుంది. నాలుగో పాఠంలో క్యాబినెట్, గాలి దారి, ఎస్ఎస్‌డీ చూద్దాం.