పిట్టల స్కోపుతో చందమామను చూసి ఫోటో తీయడం ఎలా?

నేలపట్టు గూడబాతుల కోసం, పులికాట్ ఫ్లెమింగోల కోసం స్పాటింగ్ స్కోప్ (దూరంగా ఉన్న పిట్టల్ని దగ్గరగా చూపే దుర్భిణి) కొన్నారా? సీజన్ అయిపోగానే దాన్ని బీరువాలో పెట్టేయకండి. 20–60 రెట్ల జూమ్, 65 లేదా 80 మి.మీ. లెన్స్ ఉంటే చంద్రుడి మీది గుంటలు, కొండల వరసలు బాగానే కనపడతాయి. పైగా చాలా టెలిస్కోపుల్లోలాగా బొమ్మ తలకిందులు కాదు.

ముందు క్యాలెండర్‌లో తిథి చూసుకోండి. అందరూ పౌర్ణమి నాడే మిద్దెక్కుతారు. ఆ రోజు సూర్యుడి వెలుగు దాదాపు మన వెనక నుంచే పడుతుంది కాబట్టి చంద్రుడి మీద నీడలు కనపడవు. టైకో గుంట నుంచి విరజిమ్మినట్టుండే తెల్లటి చారలు తప్ప చూడడానికి పెద్దగా ఏమీ ఉండదు. శుద్ధ సప్తమి నుంచి దశమి లోపల చూడండి. వెలుగూ చీకటీ కలిసేచోట ఎండ ఏటవాలుగా పడి ప్రతి గట్టుకూ పొడుగాటి నీడ వస్తుంది. అష్టమి ప్రాంతంలో ఆ గీత పక్కనే టోలెమేయస్, అల్ఫోన్సస్, ఆర్జాకెల్ అనే మూడు గుంటలు ఒకదాని కింద ఒకటి ఉంటాయి. దశమికల్లా 93 కి.మీ. వెడల్పున్న కోపర్నికస్ బయటపడుతుంది. దాని నడుమ చిన్న కొండలు కూడా దొరుకుతాయి.

మన నెల్లూరు, ఒంగోలు వైపు జనవరి నుంచి మార్చి దాకా ఆకాశం బాగుంటుంది. నవంబరు వాయుగుండాల సంగతి చెప్పక్కర్లేదు. ఎండాకాలంలో మాత్రం పగలంతా కాగిన మిద్దె పొద్దుపోయేదాకా వేడి వదులుతుంది, ఆ గాలికి చంద్రుడి అంచు ఉడుకుతున్న నీళ్లలా కదులుతుంది. పెరట్లో మట్టినేల నయం. మైపాడు, కొత్తపట్నం బీచ్‌లకు పోవాలనిపిస్తుంది గానీ, గాలికి ట్రైపాడ్ ఊగుతుంది, లెన్స్ మీద ఉప్పుతేమ చేరుతుంది.

ట్రైపాడ్ మధ్య కడ్డీని పైకి లేపకుండా, కాళ్లు వెడల్పుగా పెట్టండి. అష్టమి చంద్రుడు పొద్దుగూకేటప్పటికి బాగా ఎత్తులో ఉంటాడు, నేరుగా చూసే స్కోపైతే మెడ పట్టేస్తుంది. రాత్రి 9 ప్రాంతంలో పడమటికి వాలాక హాయి. జూమ్ 20తో వెతికి పట్టుకుని, 30–40 దగ్గర ఆగండి. 60కి పోతే బొమ్మ మసకబారి వణుకుతుంది.

ఫోటోకి మొబైల్ అడాప్టర్ (ఫోన్‌ను స్కోప్‌కు బిగించే క్లిప్పు) తప్పనిసరి, చేత్తో పట్టుకుంటే టెన్షనే. ఫోన్ ప్రో మోడ్‌లో ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా సున్నితత్వం) 100, షట్టర్ 1/500 సెకనుతో మొదలుపెట్టి, వెలుగు భాగం తెల్లగా మాడిపోకుండా సర్దుకోండి. ఏఐ సీన్ మోడ్ ఆపేయండి. కొన్ని ఫోన్లు చంద్రుడి మీద సొంత బొమ్మ వేసేస్తాయి, మనం తీసిందేదో మనకే తెలియదు. 3 సెకన్ల టైమర్ పెట్టండి. చంద్రుడు రెండు నిమిషాల్లో తన వెడల్పంత జరుగుతాడు. అందుకే స్కోప్‌ను కొంచెం పడమటికి తిప్పి వదిలేస్తే, ఊగడం ఆగేలోపు తానే మధ్యకొస్తాడు.

ఇంకా బాగా రావాలంటే నిమిషం వీడియో తీసి, కంప్యూటర్‌లో ఆటోస్టాకర్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌కి ఇవ్వండి. మంచి ఫ్రేములు ఏరి ఒకటిగా కలుపుతుంది. ఆ తర్వాత షార్ప్‌నెస్ కొద్దికొద్దిగా పెంచండి. అంచు చుట్టూ తెల్లగీత కనపడిందంటే ఎక్కువైనట్టే, వెనక్కి తగ్గించండి.