పని కిటుకు చెప్పినవాళ్ల పేరు రాసిపెట్టండి

మీ దగ్గర సీనియర్లు తమకు తెలిసింది కొత్తవాళ్లకు చెప్పడం లేదా? బోనస్ ఆశ చూపే ముందు ఒక నోట్‌బుక్ కొనండి. ఎవరు ఏ కిటుకు చెప్పినా వాళ్ల పేరుతోనే అందులో రాయించండి.

జిరాక్స్ కంపెనీ 1990ల్లో తన టెక్నీషియన్లు కనిపెట్టిన రిపేరు చిట్కాలను అందరికీ చేర్చే పద్ధతి పెట్టింది. తోటి టెక్నీషియన్లే పరీక్షించి సరే అనేవాళ్లు. డబ్బు కంటే చిట్కాతో పాటు తమ పేరు ఉండాలనే వాళ్లు కోరుకున్నారు.

అయితే రాతకు లొంగని పనితనం చాలా ఉంటుంది. మిర్చి సీజన్‌లో వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు వెళ్లి చూడండి. అనుభవమున్న మనిషి బస్తాలోంచి నాలుగు కాయలు తీసి గుప్పిట్లో నొక్కుతాడు. గలగలమంటే బాగా ఎండినట్టు, మెత్తగా వంగితే తేమ ఉన్నట్టు. ఇదంతా ఫారంలో నింపమంటే ఆయన నింపడు. పక్కనే నిలబడ్డ కుర్రాడు "అన్నా, తేమ ఉందని ఎట్ల గుర్తుపట్టినవ్?" అని అడిగితే మాత్రం ఇష్టంగా చెప్తాడు, కాయ చేతిలో పెట్టి మరీ.

అన్నిటికంటే పెద్ద అడ్డు "నేర్పితే నన్ను తీసేస్తారేమో" అన్న టెన్షన్. నేర్పినవాళ్లకే జీతం పెంపులో ముందు చోటు ఇవ్వండి, అది నలుగురికీ తెలియనివ్వండి. కుర్రాడు నేర్చుకున్నాడు కదా అని పెద్దాయన్ని పక్కన పెట్టారో, ఇక ఎవరూ నోరు విప్పరు.

అడగడానికి టైమ్ కూడా ఇవ్వాలి. సరుకు దిగే గడబిడలో కాదు, చాయ్ వేళ ఓ పావుగంట చాలు.