తుపాను నెలలకు ముందే నెట్‌వర్క్ గదిలో తేల్చుకోవలసినవి

ఇచ్ఛాపురం నుంచి టెక్కలి వరకు ఉన్నవారికి అక్టోబరు నెల గురించి వేరే చెప్పనక్కరలేదు. 2013లో ఫైలిన్, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ, రెండూ ఆ నెలలో వచ్చినవే. జీడిపప్పు ఫ్యాక్టరీలు, కళాశాలలు, ఆసుపత్రులు యూపీఎస్ బ్యాటరీలు మార్చి, జనరేటరుకు డీజిలు నింపి ఉంచుకుంటాయి గానీ, ఇంటర్నెట్ లైనుకూ లోపలి స్విచ్‌కూ నడుమ కూర్చున్న భద్రతా పరికరం మొరాయిస్తే ఏం చేయాలన్నది చాలాచోట్ల ఆ రోజుకే వదిలేస్తారు.

ముందు తేల్చుకోవలసింది ఒకటే: పరికరం ఆగినప్పుడు దారి తెరుచుకోవాలా, మూసుకోవాలా? ఆసుపత్రి ఓపీ కౌంటరుకు తెరుచుకోవడమే మేలు కావచ్చు; జీతాలు, ఖాతాలు ఉన్న సర్వరు వైపు మూసుకోవడమే మేలు. ఈ నిర్ణయం యాజమాన్యం చేసి కాగితం మీద రాసి ఇవ్వాలి, గాలివానలో టార్చి పట్టుకుని నిలబడిన కుర్రాడి నెత్తిన వేయకూడదు.

అన్ని పరికరాలనూ బైపాస్ చేయలేమన్నది, అంటే పక్కకు తప్పించి లైనును నేరుగా కలపలేమన్నది, చాలామంది మరిచే సంగతి. బ్రిడ్జి పద్ధతిలో, అంటే చిరునామాలు మార్చకుండా ట్రాఫిక్‌ను తమ గుండా పోనిచ్చేలా, పెట్టిన ఐపీఎస్ (దాడులను పసిగట్టి ఆపే పరికరం), వెబ్ ఫిల్టరు వంటివాటిని పక్కకు తప్పించినా ట్రాఫిక్ అలాగే సాగిపోతుంది. అయితే లోపలి చిరునామాలను మార్చి బయటికి పంపే ఫైర్‌వాల్‌ను తప్పిస్తే ఇంటర్నెట్టే ఉండదు. అటువంటిచోట రెండో ఫైర్‌వాల్ జోడీగా ఉండాలి, లేదా బయటి నుంచి వచ్చే కనెక్షన్లన్నిటినీ నిరాకరించేలా ముందే అమర్చిన చిన్న రౌటరు ఒకటి అల్మారాలో సిద్ధంగా ఉండాలి. జోడీ ఉందన్న ధీమాతో రెండింటినీ ఒకే యూపీఎస్‌కు తగిలించిన గదిని నేను చూశాను; యూపీఎస్ పోగానే రెండూ కలిసే ఆరిపోయాయి.

కరెంటు పోయి పరికరం ఆరిపోవడం నిజానికి సులువైన కేసు. బైపాస్ రిలే (కరెంటుతో పనిచేసే చిన్న మీట) ఉన్న పోర్టుల జతలో కరెంటు పోగానే రిలే రెండు పోర్టులనూ నేరుగా కలిపేస్తుంది. మీ కేబుళ్లు ఆ జతలోనే ఉన్నాయో లేదో మాత్రం చూసుకోవాలి. అసలు చిక్కు దీపాలు వెలుగుతూనే లోపల సాఫ్ట్‌వేర్ బిగుసుకుపోయినప్పుడు వస్తుంది, ఎందుకంటే కరెంటు ఉన్నంతసేపు, సాఫ్ట్‌వేర్ స్పందించడం మానితే రిలేను కదిలించే కాపలా టైమరు వంటిది అమర్చకపోతే, రిలే కదలదు. విడిగా ఉండే బైపాస్ స్విచ్ ఇందుకే పనికివస్తుంది: అది పరికరం గుండా చిన్న హార్ట్‌బీట్ ప్యాకెట్లను పంపుతూ, వరుసగా నిర్ణయించినన్ని తిరిగి రాకపోతే ట్రాఫిక్‌ను పక్కదారి పట్టిస్తుంది. అయితే ఆ సంఖ్యను మరీ తక్కువగా పెడితే, పరికరం కాస్త నెమ్మదించిన ప్రతిసారీ దారి మారుతూ ఉంటుంది.

బైపాస్‌లో రెండు రాగి కేబుళ్లు ఒక్కటే అవుతాయి గనుక వాటి మొత్తం పొడవు 100 మీటర్లు దాటకూడదు. దారి మారేటప్పుడు లింకు ఒకసారి తెగుతుంది. పాత స్పానింగ్ ట్రీ (నెట్‌వర్క్‌లో ట్రాఫిక్ గుండ్రంగా తిరగకుండా ఆపే పద్ధతి) ఉన్న స్విచ్ అయితే మళ్లీ ట్రాఫిక్ వదలడానికి 30 సెకన్లు తీసుకోవచ్చు. ఇవన్నీ సెప్టెంబరులోనే, ఒక సెలవునాడు, పరికరం ప్లగ్గు నిజంగా పీకి చూడాలి. మెనూలో బైపాస్ ఆన్ అని కనిపించడం పరీక్ష కాదు.

చేత్తో కలపవలసిన ప్యాచ్ కేబుల్‌కు రంగు టేపు చుట్టి, ఏ పోర్టు నుంచి ఏ పోర్టుకో ర్యాక్ తలుపు మీద అతికించండి. ఇచ్ఛాపురం వైపు కాపలా మనిషి ఒడియా మాత్రమే చదవగలిగితే ఆ భాషలోనూ రాయండి. పరికరం కాన్ఫిగరేషన్ (అమరికల) నకలు ఒకటి ఆ భవనం బయట ఉండాలి.

బైపాస్ పడిన వెంటనే బాధ్యుడి ఫోనుకు సందేశం వెళ్లేలా అమర్చండి, లేకుంటే కాపలా లేని లైను వారాల తరబడి అలాగే నడుస్తుంది. బైపాస్ తెరిచి ఉన్నంతసేపు రిమోట్ డెస్క్‌టాప్ (దూరం నుంచి కంప్యూటరు నడిపే సదుపాయం) వంటి దారులను రౌటరులోనే మూసి, బైపాస్ ఎంతసేపు ఉందో ఆ సమయాన్ని పుస్తకంలో రాయండి. పరికరం కోలుకున్నాక హార్ట్‌బీట్ కొంతసేపు నిలకడగా వస్తోందని చూసి, పని లేని వేళ మాత్రమే ట్రాఫిక్‌ను తిరిగి దాని గుండా మళ్లించండి.