ప్రాజెక్ట్ రిపోర్ట్ మెయిల్ చేసే ముందు

పాలమూరులో, నల్లగొండలో డిగ్రీ, పీజీ పిల్లలు రిపోర్టులు మెయిల్‌లో పంపే రోజులొచ్చాయి. ఫైల్ పెద్దదైతే సైజు తగ్గించడానికి కుదించాల్సి వస్తుంది. సెండ్ నొక్కే ముందు ఇవి చూసుకోండి.

• అసలు ఫైల్‌ను కాదు, దాని కాపీని కుదించండి. జిప్ (ఫైళ్లను కుదించి ఒకే మూటగా కట్టేది) విప్పితే ఫైల్ ఉన్నదున్నట్టు వస్తుంది. పీడీఎఫ్, జేపీజీ సైజు తగ్గిస్తే మాత్రం పోయిన నాణ్యత మళ్లీ రాదు. తగ్గించాక 200 శాతానికి పెంచి మెమోలో హాల్ టికెట్ నంబర్ చూడండి. 3 అంకె 8లా కనిపిస్తే అసలు ఫైల్‌కు మరో కాపీ తీసి, ఈసారి తక్కువగా కుదించండి.

• జీమెయిల్ పరిమితి 25 ఎంబీ. దారిలో అటాచ్‌మెంట్ మూడో వంతు దాకా ఉబ్బుతుంది కాబట్టి 18 ఎంబీ దాటనివ్వకండి. దాటితే గూగుల్ డ్రైవ్‌లో పెట్టి లింక్ పంపడమే మేలు.

• ఫొటోలు, వీడియోలు జిప్ చేసినా పెద్దగా తగ్గవు, అవి ముందే కుదించినవి.

• ఆధార్ కాపీలను ఉచిత వెబ్‌సైట్లలో కుదించొద్దు. ఫైల్ వాళ్ల సర్వర్‌కు వెళ్తుంది.

• డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లతో కొట్టించారా? పీడీఎఫ్ చేయించుకోండి. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెలుగంతా పిచ్చిగీతలే.

• జిప్‌లో ఈఎక్స్‌ఈ (నొక్కితే నడిచే ప్రోగ్రామ్ ఫైల్) ఉంటే జీమెయిల్ పంపనివ్వదు. కంప్యూటర్స్ వాళ్లూ, కోడ్ మాత్రమే పెట్టండి.

• పంపాక మెయిల్‌లోని సెంట్ ఫోల్డర్‌లోంచి మీరు పంపిన ఫైల్‌ను ఫోన్‌లో తెరిచి చూడండి.