సీపీఆర్ నేర్చుకోవడం: గుండెపోటు, గుండె ఆగిపోవడం, పక్షవాతం వచ్చినప్పుడు చేయవలసిన పనులు

సీపీఆర్, అంటే గుండె ఆగినవారి ఛాతీని నొక్కుతూ, వీలైతే శ్వాస కూడా ఇస్తూ రక్తాన్ని నడిపించే ప్రథమ చికిత్స, నేర్చుకోవాలనుకునేవారు చాలామంది ఛాతీని ఎంత లోతుగా, ఎంత వేగంగా నొక్కాలన్న ప్రశ్నతో మొదలుపెడతారు. అంతకన్నా ముందు, కళ్లెదుట ఉన్న మనిషికి వచ్చింది గుండెపోటా, గుండె ఆగిపోవడమా, పక్షవాతమా అన్నది పోల్చుకోవడం రావాలి. మూడింటిలోనూ త్వరపడవలసిందే గాని, చేయవలసిన పని వేరువేరు. నొక్కడం కొంచెం సాధన చేస్తే ఎవరికైనా పట్టుబడుతుంది. అసలు కష్టం ఆ మొదటి నిమిషంలో తేల్చుకోలేక ఆగిపోవడంలోనే ఉంది.

గుండెపోటులో, గుండె కండరానికి రక్తం తీసుకువెళ్లే ధమని సాధారణంగా రక్తపు గడ్డ వల్ల మూసుకుపోతుంది. గుండె కొట్టుకుంటూనే ఉంటుంది, మనిషి చాలావరకు స్పృహలోనే ఉండి తన బాధ చెప్పుకోగలుగుతాడు. గుండె ఆగిపోవడం అంటే, గుండెను నడిపే విద్యుత్ లయ చెడిపోయి రక్తం బయటికి రాకుండా పోవడం. అప్పుడు కొద్ది సెకన్లలోనే స్పృహ పోతుంది. గుండెపోటు దీనికి దారితీయవచ్చు, కానీ గుండె ఆగిన ప్రతిసారీ కారణం గుండెపోటే కాదు. పక్షవాతం మెదడుకు వచ్చే ఆపద: అక్కడి రక్తనాళం మూసుకుపోవడమో, చిట్లడమో జరుగుతుంది.

ఒక మనిషి కుప్పకూలితే, ముందు ఆ చోటు మీకు ప్రమాదకరం కాదని చూసుకొని, భుజాలు తట్టి బిగ్గరగా పిలవండి. పలకకపోతే, 10 సెకన్లకు మించకుండా ఛాతీ కదలికను గమనించి శ్వాస మామూలుగా ఉందో లేదో చూడండి. చాలామంది పొరబడేది ఇక్కడే. గుండె ఆగిన తొలి నిమిషాల్లో కొందరు నోరు తెరిచి ఎగశ్వాసలా, గురకలా, ఆగి ఆగి గాలి పీలుస్తారు. చూసేవారు ఇంకా ఊపిరి ఆడుతోందని ఊరట పడి ఊరుకుంటారు. అది శ్వాస కాదు, గుండె ఆగిందనడానికి గుర్తు. నాడి చూడడం శిక్షణ లేనివారికి పొరపాట్లు తెచ్చేదే గనుక దానికోసం సమయం వృథా చేయనక్కరలేదు. స్పృహ లేక, శ్వాస మామూలుగా లేకపోతే గుండె ఆగినట్టే లెక్క. మీ ప్రాంతపు అత్యవసర నంబరుకు ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి పక్కన ఉంచండి. పక్కనున్నవారిలో ఒకరిని ఏఈడీ (గుండె లయను సరిచేయడానికి విద్యుత్ షాక్ ఇచ్చే యంత్రం) తెమ్మని, ఎవరికి చెబుతున్నారో స్పష్టంగా తెలిసేలా పంపండి. స్పృహ లేకపోయినా శ్వాస మామూలుగా ఉంటే మాత్రం, నాలుక వెనక్కి జారకుండా, వాంతి గొంతులోకి పోకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టి, శ్వాసను గమనిస్తూ ఉండాలి.

మనిషిని గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, పక్కన మోకాళ్ల మీద కూర్చోండి. ఒక అరచేతిలో మణికట్టుకు ఆనుకొని ఉండే గట్టి భాగాన్ని ఛాతీ మధ్యలో, రొమ్ము ఎముక దిగువ సగం మీద ఉంచి, రెండో చేతిని దానిమీద పెట్టి వేళ్లు పెనవేయండి. మోచేతులు వంగకుండా, భుజాలు నేరుగా చేతుల పైకి వచ్చేలా వంగితే, చేతుల బలంతో కాక ఒంటి బరువుతో నొక్కగలుగుతారు. పెద్దవారికి లోతు 5 సెంటీమీటర్లకు తగ్గకూడదు, 6 దాటకూడదు. వేగం నిమిషానికి 100 నుంచి 120 సార్లు. ప్రతి నొక్కు తర్వాత ఛాతీని పూర్తిగా పైకి లేవనివ్వాలి, ఎందుకంటే గుండెలోకి రక్తం తిరిగి చేరేది అప్పుడే. భయంతో తేలికగా నొక్కేవారు, ఆత్రంలో పైకి లేవనివ్వకుండా నొక్కేవారు ఇద్దరూ రక్తాన్ని సరిగా నడిపించలేరు. పక్కటెముక విరిగిన చప్పుడు వినిపించవచ్చు. దానికి వెరచి ఆపకండి, విరిగిన ఎముక అతుక్కుంటుంది. అలసట తెలియకుండానే నొక్కుల లోతు తగ్గిపోతుంది గనుక, మరొకరు ఉంటే 2 నిమిషాలకొకసారి మారాలి.

శిక్షణ పొందినవారు 30 నొక్కులకు 2 శ్వాసల చొప్పున ఇవ్వవచ్చు: తల వెనక్కి వంచి, గడ్డం పైకెత్తి, ముక్కు మూసి, ఛాతీ లేచేంత మాత్రం ఒక సెకను పాటు ఊదాలి. శ్వాసలు ఇవ్వడం రాకపోతే, లేదా ఇష్టం లేకపోతే, నొక్కుతూనే ఉండండి. నీట మునిగినవారి విషయంలోను, పిల్లల విషయంలోను మాత్రం ముందు ఆగేది సాధారణంగా ఊపిరే గనుక శ్వాసలకు ప్రాధాన్యం ఎక్కువ. పిల్లల ఛాతీని దాని మందంలో మూడో వంతు లోపలికి నొక్కాలి.

ఏఈడీ రాగానే ఆన్ చేసి, అది చెప్పినట్టు చేయండి. తడి ఉంటే తుడిచి, ఒక ప్యాడ్‌ను కుడి మెడ ఎముక కింద, రెండోదాన్ని ఎడమ చంక కింది పక్కన అంటించాలి. షాక్ అవసరమా కాదా యంత్రమే తేలుస్తుంది, కాబట్టి పొరపాటున షాక్ ఇచ్చేస్తామేమోనన్న భయం అక్కరలేదు. షాక్ సమయంలో ఎవరూ ఒంటిని తాకకూడదు, ఆ వెంటనే మళ్లీ నొక్కడం మొదలుపెట్టాలి. స్త్రీల విషయంలో బట్టలు తొలగించడానికి సంకోచించి ఆలస్యం చేయడం కనిపిస్తుంది. ఆ క్షణంలో ఆ సంకోచానికి తావు లేదు.

ఇదంతా చదివితే వచ్చే విద్య కాదు. 1960లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయానికి చెందిన కౌవెన్‌హోవెన్, జూడ్, నికర్‌బాకర్ ఛాతీని కోయకుండా పైనుంచి నొక్కే పద్ధతిని ప్రకటించిన రోజుల్లోనే, నార్వేలో ఆటబొమ్మలు తయారుచేసే ఆస్మండ్ లేర్డాల్ సాధన కోసం మనిషి పరిమాణంలో ఒక బొమ్మను తయారుచేశాడు. 5 సెంటీమీటర్లు ఎంత బలంతో వస్తాయో అలాంటి బొమ్మ మీదే తెలుస్తుంది. లోతును, వేగాన్ని కొలిచి చూపే బొమ్మలున్న తరగతిని ఎంచుకోండి. ప్రసంగం ఎక్కువ, సాధన తక్కువ ఉన్న తరగతి నా దృష్టిలో దండగ. నేర్చుకున్న నైపుణ్యం కొన్ని నెలల్లోనే మసకబారుతుంది గనుక, ధ్రువపత్రం గడువు కోసం ఆగకుండా మధ్యమధ్య కొద్దిసేపైనా సాధన చేయాలి.

గుండెపోటులో ఛాతీ మీద బరువు పెట్టినట్టు, బిగించినట్టు నొప్పి వచ్చి చేతికో, దవడకో, వీపుకో పాకవచ్చు. చెమటలు, ఆయాసం, వికారం ఉండవచ్చు. స్త్రీలలో, మధుమేహం ఉన్నవారిలో, వృద్ధులలో నొప్పి స్పష్టంగా లేకుండా ఆయాసం, నీరసం మాత్రమే కనిపించడం కద్దు. అలాంటివారిని నడిపించకుండా కూర్చోబెట్టి, అంబులెన్స్ పిలవండి. ఆస్పిరిన్ పడనివారు, రక్తస్రావం ఉన్నవారు కాకపోతే, ఫోన్‌లో ఉన్న వైద్య సిబ్బంది సూచన మేరకు సుమారు 300 మిల్లీగ్రాముల మాత్రను నమిలించవచ్చు. స్పృహలో ఉన్న మనిషి ఛాతీని నొక్కకూడదు.

పక్షవాతమేమోనని అనుమానం వస్తే ఆ మనిషిని నవ్వమనండి, రెండు చేతులూ ఎత్తి పట్టుకోమనండి, ఒక వాక్యం చెప్పమనండి. మూతి ఒక పక్కకు జారినా, ఒక చెయ్యి కిందికి వాలినా, మాట తడబడినా వెంటనే ఫోన్ చేయాలి. హఠాత్తుగా తూలడం, చూపు మందగించడం కూడా లక్షణాలే. ఆ మనిషి చివరిసారిగా బాగున్నట్టు చూసిన సమయాన్ని రాసిపెట్టుకోండి. గడ్డను కరిగించే మందు సాధారణంగా ఆ సమయం నుంచి 4.5 గంటల లోపే ఇస్తారు గనుక ఆసుపత్రిలో తప్పక అడుగుతారు. నిద్ర లేచేసరికే లక్షణాలు ఉంటే, లేచిన సమయం కాక పడుకునేటప్పటి సమయం చెప్పాలి. రక్తనాళం మూసుకుందో చిట్లిందో స్కాన్ చేస్తే గాని తెలియదు, కాబట్టి ఇక్కడ ఆస్పిరిన్ ఇవ్వకూడదు; మింగడం దెబ్బతిని ఉండవచ్చు గనుక నీళ్లు, ఆహారం కూడా పెట్టకూడదు. లక్షణాలు కొన్ని నిమిషాల్లో వాటంతటవే తగ్గిపోయినా ఇంట్లో ఉండిపోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి, ఎందుకంటే అలా వచ్చిపోయిన దాని వెనుక, తరువాతి ఒకటి రెండు రోజుల్లోనే పెద్ద పక్షవాతం వచ్చే ప్రమాదం ఎక్కువ.