తిన్న పప్పు ఒంటబట్టాలంటే

మాది అమలాపురం దగ్గర పల్లె. నాన్నగారికి పోయినేడాది జ్వరం వచ్చి తగ్గాక, ప్రొటీన్ బాగా పెట్టమన్నారు డాక్టరు గారు. పెట్టాను గానీ రోజూ కడుపుబ్బరమే, ఒకటే టెన్షన్. ఎంత పెడుతున్నానో కాదు, ఎలా వండుతున్నానో చూసుకోవడం మొదలెట్టాక కుదుటపడ్డారు.

ముందు గుడ్డు సంగతి. వయసులో ఉన్నప్పటి అలవాటు కొద్దీ ఆయన పచ్చి గుడ్డు పాలల్లో గిలక్కొట్టుకుని తాగేవారు. మీ ఇంట్లో ఎవరైనా అలా తాగుతుంటే మాన్పించండి. ఉడికిన గుడ్డులో ప్రొటీన్ నూటికి సుమారు 90 వంతులు అరిగితే, పచ్చిదాంట్లో 50 వంతులే అరుగుతుందని పరీక్షల్లో తేలింది. ప్రొటీన్ చిక్కుపడిన దారపు ఉండలా ఉంటుంది. వేడికి అది విచ్చుకుంటేనే అరుగుదల రసాలకు తేలిగ్గా అందుతుంది.

ఇక పప్పులు. మినుములు, పెసలు వరి కోతలయ్యాక మా చేలల్లో పండేవే. వంద గ్రాముల మినపప్పులో 23 గ్రాముల దాకా ప్రొటీన్ ఉంటుంది. కానీ పచ్చి పప్పుల్లో ట్రిప్సిన్‌కు అడ్డుపడే పదార్థాలూ ఉంటాయి. పేగుల్లో ప్రొటీన్‌ను ముక్కలు చేసేది ఆ ట్రిప్సినే. పప్పు వేలితో నలిపితే వెన్నలా నలిగేదాకా ఉడికితే ఆ అడ్డు చాలావరకు తొలగిపోతుంది. పలుకు మిగిలిందంటే ఇంకా ఉడకాలి. పొట్టు పెసలు, పొట్టు మినుములు రాత్రే నానబోసి, ఆ నీళ్లు పారబోయండి. ఉడికించిన నీళ్లు మాత్రం పారబోయకండి, వాటిలోకి బి విటమిన్లు దిగుతాయి. ఆ కట్టుతో చారు పెట్టుకోండి. మొలకలు మంచివే, పెద్దవాళ్లకు మాత్రం ఆవిరి మీద మెత్తబరిచి పెట్టండి.

వేసవిలో కాలువలు కట్టేస్తే మాకు బోరు నీళ్లే గతి. ఆ చవుడు నీళ్లలో కందిపప్పు ఎంతకీ ఉడకదు. వంటసోడా వేస్తే తొందరగా మెత్తబడుతుంది గానీ బి1 విటమిన్ పోతుంది, అందుకే నేను వెయ్యను. పప్పు వరకు తాగే నీళ్లే పోస్తాను. చింతపండు పులుసు కూడా పప్పు పూర్తిగా ఉడికాకే పొయ్యాలి. ముందే పోస్తే పులుపుకి పప్పు బిర్రుగా ఉండిపోతుంది.

సున్నుండలకు మినుములు వేయించేటప్పుడు పొయ్యి దగ్గర నుంచి కదలకండి. సన్నసెగన కమ్మటి వాసన రాగానే దించెయ్యాలి. మాడేదాకా వేయిస్తే ప్రొటీన్‌లో ఉండే లైసిన్ అనే ముఖ్యమైన భాగం దెబ్బతింటుంది. మనం మూడు పూటలా తినే అన్నంలో తక్కువగా ఉండేది ఆ లైసినే. ఆ లోటు పూడ్చాల్సిన పప్పునే మాడ్చుకుంటే ఎలా?

నాన్నగారికి బాగా పడింది మినప రొట్టి. గ్లాసు మినపప్పు నాలుగు గంటలు నానబెట్టి, మెత్తగా రుబ్బి, రెండు గ్లాసుల వరి రవ్వ తడిపి, పిండేసి కలుపుతాను. రాత్రంతా పులియనిచ్చి, ఉప్పు వేసి, మందపాటి మూకుట్లో నూనె పోసి రెండంగుళాల మందాన పోస్తాను. మూతపెట్టి అరగంట సన్నసెగ. అడుగు ఎర్రగా కాలినా లోపలంతా ఆవిరికే ఉడుకుతుంది. పళ్లు సరిగా లేని నాన్నగారికి ఆ లోపలి మెత్తటి భాగం పెట్టి, పై పెచ్చు పిల్లలకిస్తాను.