కొత్త ఎలుక వస్తోందా? ముందు వేరే గది చూసుకోండి

ఎలుకలు పెంచే ఒకాయన కాలనీ ఈమధ్య దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. మంచి మగది దొరికిందని తెచ్చి, ఆ సాయంత్రమే ఆడవాటి బోనులో వదిలాడు. వారం తిరక్కుండానే తుమ్ములు, మెడ కింద వాపు, కళ్ల చుట్టూ ఎర్రటి చెమ్మ. పాలు తాగే పిల్లలు కొన్ని చనిపోయాయి.

మేత, నీళ్లు, శుభ్రత గురించి అందరికీ తెలుసు. చెప్పాల్సింది ఇది: కొత్త ఎలుకను నేరుగా కలపకండి. రెండు మూడు వారాలు విడిగా ఉంచండి. విడిగా అంటే పక్క అరలో ఇంకో బోను కాదు. ఎలుకలకు ఎస్‌డీఏ అనే జబ్బు (లాలాజల, కన్నీటి గ్రంథుల వాపు) తెచ్చే కరోనా వైరస్ గాలిలో కూడా పాకుతుంది. బోను వేరైతే చాలదు, గాలి వేరవ్వాలి. వీలైతే ఇల్లే వేరవ్వాలి. ముందు పాతవాటి పని చూసుకుని, కొత్తదాని దగ్గరికి ఆఖరున వెళ్లండి. తర్వాత చేతులు కడుక్కుని బట్టలు మార్చుకోండి.

ఎలుక హుషారుగా ఉంది కదా అనుకోకండి. సియోల్ వైరస్ సోకిన ఎలుకకు ఏమీ కాదు, జ్వరం, కిడ్నీ బాధ మనిషికే. 2017లో అమెరికాలో పెంపుడు ఎలుకల నుంచే అది మనుషులకు పాకింది. ఎలుకను విడిగా ఉంచి చూసినా ఈ వైరస్‌ను కనిపెట్టలేం, రక్తపరీక్ష చేయించాల్సిందే.

చూలు 21 నుంచి 23 రోజులు. ఈలోపే మగదాన్ని తీసేయండి. ఈనిన 24 గంటల్లోపు ఆడది మళ్లీ కడుపు కట్టగలదు, పాలిస్తూ ఇంకో చూలు మోస్తే చిక్కిపోతుంది. అయిదో వారానికల్లా మగపిల్లల్ని, ఆడపిల్లల్ని విడదీయండి, తోబుట్టువులని అవి ఆగవు. బోనులో పరవడానికి దేవదారు పొట్టు వాడకండి. బోనులో అమ్మోనియా ఘాటు మీ ముక్కుకు తగిలిందంటే అప్పటికే ఆలస్యమైనట్టు, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. ఈనిన గూడును కెలక్కండి. గది వేడెక్కనివ్వకండి, ఎలుకకు ఒంటి వేడి బయటికి పోయే దారి ముఖ్యంగా తోకే. ఎవరి ఎలుకలనో ముట్టుకుని వచ్చి మీవాటిని తాకకండి. తిరిగిచ్చిన ఎలుకైనా, చుట్టాలింట్లో రెండు రోజులున్నదైనా కొత్తదే, నేరుగా కలపకండి. జబ్బు వచ్చేసిందా, ఆరు నుంచి ఎనిమిది వారాలు జతకట్టించడం ఆపండి, ఒక్కటి లోపలికి రాకూడదు, ఒక్కటి బయటికి పోకూడదు, ఎవరు అడిగినా సరే. ఎలుక కరిచాక జ్వరం వస్తే, డాక్టరుకు మొదట కాటు సంగతే చెప్పండి.